తల్లి వయసుకీ నెలలు నిండని కాన్పుకీ లింకు ఎంత? మీ ప్రశ్నలు, మా డాక్టర్ జవాబులు

పోయిన సంచికలో ఆలస్యంగా తల్లయ్యేవాళ్ళ గురించి నాలుగు ముక్కలు రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి, వయసు ఎక్కువైతే బిడ్డ నెలలు నిండకుండానే పుట్టేస్తుందా అని. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి కొన్ని ఇక్కడ ఇస్తున్నా, పేర్లన్నీ తీసేశాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38. ఇదే మొదటి ప్రెగ్నెన్సీ, ఇప్పుడు 13వ వారం. బీపీ, షుగర్ ఏమీ లేవు. మొన్న చెకప్‌లో ఫైలు మీద ఎర్ర పెన్నుతో హై రిస్క్ అని రాశారు, ఎందుకండీ అంటే వయసు అన్నారు అంతే, పక్క పేషెంట్‌ని పిలిచేశారు. ఆ రోజు నుంచి నిద్ర పట్టట్లేదు. ఫోన్లో ఏది చూసినా 35 దాటితే ప్రీమెచ్యూర్ బేబీ అని భయపెట్టేదే. నిజంగా అంత ప్రమాదమా, నేనేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, హై రిస్క్ అని రాశారంటే మీకేదో జరగబోతోందని కాదు, మిమ్మల్ని కాస్త ఎక్కువసార్లు చూడాలి, కొన్ని టెస్టులు మర్చిపోకూడదు అని స్టాఫ్ వాళ్ళ కోసం పెట్టుకునే గుర్తు అది. ఆ ముక్క మిమ్మల్ని ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఇన్ని రాత్రులు నిద్ర పాడయ్యేది కాదు. చెప్పకుండా రాసి పంపించెయ్యడం నాకు అస్సలు నచ్చదు.

37 వారాలు పూర్తి కాకముందు పుడితే నెలలు నిండని బిడ్డ అంటాం. అందులోనూ చాలా తేడా ఉంది, 28 వారాల లోపు పుట్టిన బిడ్డ కష్టం వేరు, 28 నుంచి 32 మధ్య పుట్టిన బిడ్డ సంగతి వేరు, 32 దాటి పుట్టినవాళ్ళు సరైన వైద్యం అందితే చాలావరకు బాగా కోలుకుంటారు, పైగా ముందే పుట్టేవాళ్ళలో ఎక్కువమంది ఈ ఆఖరి గుంపులోవాళ్ళే. 2020లో ప్రపంచం మొత్తం మీద కోటీ 34 లక్షల మంది పిల్లలు ఇలా ముందే పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అంటే దాదాపు పదిమందిలో ఒకరు. వీళ్ళ తల్లుల్లో అన్ని వయసులవాళ్ళూ ఉన్నారు.

ఇక ఈ 35 సంగతి. ఆ వయసు దాటిన మర్నాడు శరీరంలో ఏదో మారిపోతుందని ఎవరూ కనిపెట్టలేదు. 1970ల్లో ఉమ్మనీరు తీసి బిడ్డ క్రోమోజోములు చూసే అమ్నియోసెంటెసిస్ టెస్టు వాడకంలోకి వచ్చినప్పుడు అది ఎవరికి చెయ్యాలి అన్న చర్చ వచ్చింది, ఆ టెస్టు వల్ల అబార్షన్ అయ్యే రిస్కూ బిడ్డకి క్రోమోజోమ్ తేడా ఉండే అవకాశమూ ఇంచుమించు ఒకటయ్యే వయసు 35 అని లెక్క తేలింది, అక్కడ గీత గీశారు. డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోమ్ ఎక్కువుండి బిడ్డ ఎదుగుదల మందగించే సమస్య) విషయంలో వయసు ప్రభావం నిజంగా పెద్దదే, 25 ఏళ్ళ తల్లికి సుమారు 1250 మందిలో ఒకరికి, 35కి 350లో ఒకరికి, 40కి వందలో ఒకరికి. కానీ నెలలు నిండకుండా కాన్పు అవ్వడానికి ఈ లెక్క పనికిరాదు. రెండూ కలిపేసి చదవడం వల్లే మీకు ఇంత భయం పట్టుకుంది అనిపిస్తోంది.

కెనడాలోని క్యూబెక్‌లో లక్షా 65 వేల కాన్పులు తీసుకుని వయసుల వారీగా చూసిన స్టడీ ఒకటి 2018లో వచ్చింది. నెలలు నిండని కాన్పులు అందరికంటే తక్కువ ఎవరిలో ఉన్నాయో తెలుసా, 30 నుంచి 34 మధ్య తల్లుల్లో, 5.7 శాతం. అందరికంటే ఎక్కువ 40 దాటినవాళ్ళలో, 7.8 శాతం. అంటే 40 దాటినవాళ్ళలో కూడా నూటికి 92 మందికి నెలలు నిండే కాన్పు అయింది, మీరింకా 38లో ఉన్నారు. రిస్క్ పెరగడం నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పను, కానీ ఫోన్లో చూసి మీరు ఊహించుకున్నంత కాదు.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. నెలలు నిండని కాన్పు రెండు రకాలు. ఒకటి, నొప్పులు వాటంతటవే ముందే మొదలవ్వడమో ఉమ్మనీరు పోవడమో. రెండోది, తల్లికి బీపీ బాగా పెరిగిపోయో, మాయ నుంచి బిడ్డకి రక్తం సరిగ్గా అందకో, మాయ కిందికి ఉండి బ్లీడింగ్ అయ్యో, ఇక లోపల ఉంచడం కంటే బయటికి తియ్యడమే మేలని డాక్టర్లు నిర్ణయించి చేసేది. వయసుతో ఎక్కువగా పెరిగేది ఈ రెండో రకం, ఆ క్యూబెక్ స్టడీలోనూ అదే కనిపించింది. వయసుతో పాటు బీపీ, షుగర్, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో వచ్చే గడ్డలు), మాయ కిందికి ఉండటం, కవలలు ఇవన్నీ కూడా పెరుగుతాయి, బిడ్డని ముందే బయటికి తెచ్చేవి చాలావరకు ఇవే, అందుకే నేను వయసు గురించి కంటే వీటి గురించే ఎక్కువ అడుగుతాను. పుట్టిన సంవత్సరాన్ని ఎవరూ మార్చలేరు గానీ బీపీ కొలవొచ్చు, షుగర్ పట్టుకోవచ్చు, మాయ ఎక్కడుందో స్కాన్‌లో చూడొచ్చు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. 13వ వారం అంటున్నారు కాబట్టి ఇది వాయిదా వెయ్యకండి, లో డోస్ ఆస్పిరిన్ నాకు అవసరమా అని మీ డాక్టర్‌ని ఈ వారమే అడగండి. ప్రీఎక్లాంప్సియా అని, బీపీ పెరిగి యూరిన్‌లో ప్రొటీన్ పోయి, ముదిరితే ఫిట్స్ దాకా వెళ్తుంది, పెద్దవాళ్ళు గుర్రపు వాతం అంటారే అదే, దాన్ని ఆపడానికి ఈ చిన్న మాత్ర పనికొస్తుంది, కానీ 16 వారాల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. 2017లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్లో రిస్క్ ఎక్కువున్న వాళ్ళకి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే 37 వారాల లోపే కాన్పు చెయ్యాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. అందరికీ ఇవ్వరు. అమెరికా గైడ్‌లైన్ ప్రకారం 35 దాటడం ఒక పాయింటు, మొదటి కాన్పు ఇంకో పాయింటు, రెండూ ఉంటే మాత్ర మొదలుపెట్టమంటారు, బ్రిటన్ వాళ్ళు ఆ వయసు పాయింటు 40కి పెట్టుకున్నారు. అందుకే మీ విషయంలో డాక్టర్లు ఒకరు ఇద్దామనీ ఒకరు అక్కర్లేదనీ అనొచ్చు, కంగారు పడకండి, కానీ అడగండి. మీ అంతట మీరు మాత్రం కొనుక్కుని వేసుకోవద్దు, అల్సర్, బ్లీడింగ్ సమస్య, ఆస్పిరిన్ పడని ఆస్తమా ఉంటే ప్రమాదం.

తర్వాత 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలు చూసే స్కాన్‌లో మాయ ఎక్కడుందో, గర్భసంచి ముఖద్వారం పొడవెంతో కూడా చూడమనండి, 24 నుంచి 28 మధ్య షుగర్ టెస్టు, ప్రతి విజిట్‌కీ బీపీ. బీపీ కొలిచేటప్పుడు హడావిడిగా మెట్లెక్కి వచ్చి చెయ్యి చాపకండి, ఐదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టాక తీయించుకోండి, లేకపోతే తప్పుడు రీడింగ్ వస్తుంది.

ప్రశ్న: మేడమ్, నాకు 36. మొదటి పాప 32 వారాలకే పుట్టింది, ఉన్నట్టుండి ఉమ్మనీరు పోయింది. ఇప్పుడు పాపకి నాలుగేళ్ళు, చలాకీగా ఉంది. మళ్ళీ నెల తప్పింది, 10వ వారం. మా అత్తయ్య గారు మంచం దిగొద్దంటున్నారు, ఉద్యోగం మానెయ్యమంటున్నారు. ఇప్పుడు వయసు కూడా పెరిగింది కదా, ఈసారీ అలాగే అవుతుందా?

జవాబు: మీ విషయంలో నేను వయసుని అసలు పక్కన పెట్టేస్తాను. మీకున్న అసలు రిస్క్ మొదటి కాన్పు ముందే అవ్వడం, అది 36 ఏళ్ళ వయసు కంటే చాలా పెద్ద విషయం. అలాగని మళ్ళీ అలాగే అవుతుందని కాదు, ఇలా ముందు కాన్పు అయిన వాళ్ళలో ఎక్కువమందికి రెండోది నెలలు నిండే అవుతుంది. కాకపోతే ఈసారి చూసీ చూడనట్టు ఊరుకోకూడదు.

మీకు కావాల్సింది 16వ వారం నుంచి 24వ వారం దాకా మధ్యమధ్యలో గర్భసంచి ముఖద్వారం పొడవు కొలిచే స్కాన్, దీన్నే సెర్వికల్ లెంగ్త్ అంటాం. ఇది పొట్ట మీద పెట్టి చూసేది కాదమ్మా, యోని లోపలి నుంచి చేసే స్కాన్, ముందే చెప్తున్నా ఎందుకంటే చాలామంది అక్కడికెళ్ళాక బెదిరిపోయి వద్దనేసి వచ్చేస్తారు. ముందు బాత్రూంకి వెళ్ళి రమ్మంటారు, బ్లాడర్ నిండుగా ఉంటే ముఖద్వారం ఉన్నదానికంటే పొడుగ్గా కనిపించి మోసం చేస్తుంది. సన్నటి ప్రోబ్‌కి కవర్ తొడిగి, జెల్ రాసి, కొంచెం లోపలికి పెడతారు, గట్టిగా నొక్కరు, నొక్కితే కొలత తప్పుతుంది. నాలుగైదు నిమిషాలు చూస్తారు, మధ్యలో గర్భసంచి కాస్త బిగిసి వదిలితే కొలత మారుతుంది కాబట్టి ఒకటికి మూడుసార్లు కొలిచి అన్నిటికంటే చిన్నది రాస్తారు. బిడ్డకి దీనివల్ల ఏమీ కాదు. 25 మిల్లీమీటర్ల కంటే తగ్గితే పొట్టిగా ఉంది అంటాం, అప్పుడు రెండు దార్లున్నాయి, రోజూ రాత్రి యోనిలో పెట్టుకునే ప్రొజెస్టరాన్ (గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్) మందు, లేదంటే ముఖద్వారానికి కుట్టు, సంచి మూతికి తాడు బిగించినట్టు. మీకు పాత చరిత్ర ఉంది కాబట్టి కొంతమంది డాక్టర్లు పొడవు బాగున్నా ప్రొజెస్టరాన్ మొదలుపెడతారు, అదీ తప్పు కాదు.

ఇదివరకు వారం వారం ప్రొజెస్టరాన్ రకం ఇంజెక్షన్ ఒకటి ఇచ్చేవాళ్ళు, పెద్ద ట్రయల్లో ఉపయోగం కనపడక అమెరికాలో 2023లో దానికి అనుమతి తీసేశారు. మీకెవరైనా అదే రాస్తే ఎందుకు రాస్తున్నారని మర్యాదగానే అడగండి.

మంచం విషయం. మీ అత్తయ్య గారు ప్రేమతోనే అంటున్నారు, ఆవిడ మీద కోపం తెచ్చుకోవద్దు, కానీ నెలల తరబడి పడుకోవడం వల్ల ముందస్తు కాన్పు ఆగుతుందని ఎక్కడా రుజువు కాలేదు. పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, కండలు కరిగిపోవడం, ఎముకలు బలహీనపడటం, ఇంట్లో నాలుగేళ్ళ పాపని ఎత్తుకోలేక మనసు కుంగిపోవడం, ఇవన్నీ మాత్రం నిజంగా జరుగుతాయి. నడవండి, మీ పని మీరు చేసుకోండి, ఆఫీసుకీ వెళ్ళండి. గంటల తరబడి నిలబడే ఉద్యోగమైనా, బరువులెత్తేదైనా, నైట్ షిఫ్టులైనా అది మార్పించుకోండి చాలు. అత్తయ్య గారిని ఒకసారి డాక్టర్ దగ్గరికి మీతో తీసుకెళ్ళండి, ఆవిడ అడగాల్సింది ఆవిడే అడుగుతారు.

ఇంకో చిన్న సంగతి, మొదటిసారి ఉమ్మనీరు ఎందుకు పోయిందో డిశ్చార్జ్ పేపర్లలో ఉంటే తీసి చూపించండి. యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా ఒక కారణమే, మంట లేకపోయినా ఉండొచ్చు, మొదట్లోనే యూరిన్ కల్చర్, అంటే యూరిన్‌లో ఇన్ఫెక్షన్ ఉందేమో పట్టే టెస్టు, చేయించుకోండి. రెండు కాన్పుల మధ్య గ్యాప్ మీకు బాగానే ఉంది, ఒక కాన్పయ్యాక మళ్ళీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్ళు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా, ఆరు నెలల లోపే అయితే ముందస్తు కాన్పు రిస్క్ బాగా పెరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 18 నిండాయి, ఇప్పుడు నాలుగో నెల. చిన్న వయసు కదా, ఒళ్ళు గట్టిగా ఉంటుంది, ఈ రిస్కులన్నీ పెద్ద వయసు వాళ్ళకే కదా అని ఇంతవరకు హాస్పిటల్‌కి తీసుకెళ్ళలేదు. ఐదో నెలలో వెళ్తే సరిపోతుందా?

జవాబు: రేపే తీసుకెళ్ళండమ్మా. వయసుకీ నెలలు నిండని కాన్పుకీ ఉన్న గీత గీస్తే అది రెండు చివర్లా పైకి లేస్తుంది, 40 దాటిన వైపు లేచినట్టే 20 లోపు వైపూ లేస్తుంది, 16 లోపు అయితే మరీను. చిన్న వయసు తల్లుల్లో కారణాలు వేరుగా ఉంటాయి, రక్తం తక్కువ, బరువు తక్కువ, వాళ్ళ శరీరమే ఇంకా ఎదుగుతూ ఉండటం, ఇన్ఫెక్షన్లు, కొంతమందిలో సిగరెట్టు, అన్నిటికీ మించి మీరు చేసినట్టే డాక్టర్ దగ్గరికి లేటుగా వెళ్ళడం. మిమ్మల్ని నిందించడానికి కాదు, ఈ ఒక్కటీ వెంటనే సరిచెయ్యగలిగింది కాబట్టి చెప్తున్నా. ప్రీఎక్లాంప్సియా మొదటి కాన్పులో ఎక్కువ, చిన్న వయసని అది వదిలిపెట్టదు. హిమోగ్లోబిన్, యూరిన్, బీపీ, డేటింగ్ స్కాన్, ఇవి ముందు చేయించండి. స్కాన్ తొందరగా ఎందుకంటే, నెలలు సరిగ్గా లెక్క తేలకపోతే రేపు కాన్పు ముందే అయిందో టైముకే అయిందో కూడా తెలియదు. ఇంకోటి, ఆ అమ్మాయిని డాక్టర్‌తో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి, ఆ వయసులో భయాలు అమ్మ ముందు చెప్పలేరు.

ప్రశ్న: మా ఆవిడకి 31, నాకు 47. వయసు రిస్క్ ఆడవాళ్ళకేనా, మగవాళ్ళ వయసు లెక్కలోకి రాదా?

జవాబు: మీరు అడిగినందుకు సంతోషం, ఈ ప్రశ్న మగవాళ్ళ నుంచి చాలా అరుదుగా వస్తుంది. వస్తుందండీ. అమెరికాలో 4 కోట్ల పైచిలుకు జననాల రికార్డులు చూసి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన స్టడీలో తండ్రి వయసు 45 దాటితే నెలలు నిండకుండా పుట్టే అవకాశం 14 శాతం ఎక్కువ ఉన్నట్టు తేలింది. 14 శాతం అనగానే వందలో 14 మంది అనుకోవద్దు, వందలో ఏడుగురికి జరిగేది ఎనిమిది మందికి జరిగినట్టు, అంతే. మీ ఆవిడ వయసు చాలా అనుకూలమైన వయసు. మీరు సిగరెట్ తాగేవాళ్ళయితే ఇంట్లో మానెయ్యండి, ఆ పొగ బిడ్డకి నిజంగా చేటు.

ప్రశ్న: నాకు 42, ఐవీఎఫ్‌లో కవలలు, 22 వారాలు. నెలలు నిండుతాయన్న ఆశ పెట్టుకోవచ్చా? ముందే పుడితే పిల్లలు దక్కుతారా?

జవాబు: నిజం చెప్తాను. కవలల్లో సగానికి పైగా 37 వారాల లోపే పుడతారు, తల్లి వయసు 22 అయినా 42 అయినా ఇది ఇంచుమించు ఇంతే. అందుకే ఐవీఎఫ్‌లో, అంటే ల్యాబ్‌లో పిండం తయారుచేసి గర్భసంచిలో పెట్టే పద్ధతిలో, ఒక్క పిండాన్నే పెట్టమని నేను అందరికీ చెప్తుంటాను, ఇది చదివే వాళ్ళలో ఇంకా ఆ దశకి రాని వాళ్ళెవరైనా ఉంటే దయచేసి గుర్తు పెట్టుకోండి. మీరు ఆ దశ దాటేశారు కాబట్టి ఇప్పుడు, ముందే పుట్టినా పిల్లలు బాగుండేలా ఏర్పాట్లు చేసుకోవడం మీద పెట్టండి దృష్టి.

కాన్పు ఎక్కడ అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ), వెంటిలేటర్, రాత్రీ పగలూ పిల్లల డాక్టర్ ఉన్నచోటే అవ్వాలి. పుట్టాక అంబులెన్స్‌లో బిడ్డని తరలించడం కంటే కడుపులో ఉండగానే అక్కడికి చేరడం ఎన్నో రెట్లు మేలు. 34 వారాల లోపు కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు, పేరు విని భయపడకండి, బిడ్డ ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి అవి. న్యూజిలాండ్ డాక్టర్లు లిగిన్స్, హోవీ 1972లోనే దీన్ని రుజువు చేశారు, అప్పటి నుంచి ఎంతమంది పిల్లల్ని కాపాడిందో చెప్పలేం. 32 వారాల లోపు అయితే బిడ్డ మెదడుకి రక్షణగా మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఎక్కిస్తారు. ఇవి పనిచెయ్యడానికి కొన్ని గంటలు కావాలి, అందుకే నొప్పులు అనుమానంగా ఉన్నప్పుడే బయల్దేరాలి.

పుట్టాక పిల్లలు ఎంత చిన్నగా ఉన్నా, మీ ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోనివ్వమని అడగండి. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది, కంగారూ కేర్ అంటారు, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టిన వెంటనే మొదలుపెట్టమంటోంది. మీకు ఆపరేషన్ అయి లేవలేకపోతే వాళ్ళ నాన్నగారు చెయ్యొచ్చు. తర్వాత కూర్చోవడం, నడవడం లాంటివి లెక్కేసుకునేటప్పుడు రెండేళ్ళ వరకు పుట్టిన తేదీ నుంచి కాకుండా డ్యూ డేట్ నుంచి లెక్కేసుకోండి, లేకపోతే పక్కింటి పిల్లలతో పోల్చుకుని ఊరికే ఏడుస్తారు.

ప్రశ్న: 39 ఏళ్ళు, 29వ వారం. రెండు రోజులుగా పొట్ట గట్టిపడి వదులుతోంది, నడుము కింద లాగుతున్నట్టుంది. ఊరికే వెళ్తే నవ్వుతారేమోనని ఆగాను. ఎప్పుడు వెళ్ళాలి?

జవాబు: ఈ ఉత్తరం చూడగానే మీకు ఫోన్ చేయించాను, వెళ్ళారని తెలిసి ఊపిరి పీల్చుకున్నా. మిగతా వాళ్ళ కోసం రాస్తున్నాను. పొట్ట అప్పుడప్పుడు గట్టిపడటం మామూలే, పక్కకి తిరిగి పడుకుని నీళ్ళు తాగితే తగ్గిపోతుంది. అది పది నిమిషాలకోసారి గానీ అంతకంటే దగ్గర దగ్గరగా గానీ ఒక వరసలో వస్తుంటే, నడుం నొప్పి వదలకుండా ఉంటే, కింద బరువుగా తోస్తున్నట్టు ఉంటే, నీళ్ళలా కారుతుంటే, కొంచెమైనా రక్తం కనపడితే వెంటనే వెళ్ళాలి. తలనొప్పి తగ్గకుండా కళ్ళు మసకబారినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, మొహం చేతులు ఒక్కసారిగా వాచినా అది బీపీ కావచ్చు. బిడ్డ కదలికలు తగ్గినా అంతే. అర్ధరాత్రైనా సరే, ఏమీ లేదని చూసి ఇంటికి పంపేస్తే అది మంచి వార్తే, ఎవరైనా నవ్వితే నవ్వుకోనివ్వండి. వెళ్ళగానే మూడు విషయాలు చెప్పండి: ఇప్పుడు ఎన్ని వారాలు, నొప్పులు లేదా నీళ్ళు ఎన్ని గంటలకి మొదలయ్యాయి, ఇంతకుముందు కాన్పు ఎన్నో వారంలో అయింది. ఫైలు దొరక్కపోతే దాని కోసం వెతుకుతూ ఆగొద్దు, బయల్దేరిపోండి, దాన్ని తర్వాత ఎవరైనా తెస్తారు.